కవుల్ని వెళ్లగొట్టిన క్లాసు

ఎందుకు రాస్తున్నానంటే

ఈమధ్య మా వీధిలో అమ్మాయి ఒకతె ఒమాన్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి స్వీట్లు పట్టుకుని వచ్చింది. "అక్కడికి ఏమేం తీసుకెళ్లాలి మాస్టారూ?" అని అడిగింది. పచ్చళ్లు, కుక్కరు గాస్కెట్ల సంగతి మా ఆవిడ చెప్పింది. నేను చెప్పాల్సింది మాత్రం స్వీటు తినే లోపల అయ్యేది కాదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నాది గుంటూరు. అక్కడే ఒక కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవాణ్ణి. చేరే పిల్లలు లేక డిపార్ట్‌మెంటు మూతపడితే, ఈ వయసులో ఏంటిరా అని అందరూ అంటుండగా సోహార్ వెళ్లాను. 2000ల చివరి సంవత్సరాలవి. పోర్టు, స్టీలు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. అక్కడొక ప్రైవేటు కాలేజీలో బిజినెస్ డిగ్రీ చదివే పిల్లలకి 'ఆలోచనల చరిత్ర' అని ఒక పేపరు ఉండేది. అందులో సగం గ్రీకులే. ఆ పేపరు ఎవరు పెట్టారో నాకిప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, ఆ పుణ్యాత్ముడి దయవల్ల నేను ఇల్లు కట్టుకున్నాను.

జీతాలు, ఇంక్రిమెంట్లు, ఎవరు ఎవరి మీద పితూరీలు చెప్పారన్నది రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. క్లాసులో జరిగినదాంట్లో ఒక్క సంగతి చెప్తాను.

మేం చెప్పిన పాఠం

పాఠం ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పకపోతే తర్వాతది తలకెక్కదు. ఏథెన్స్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. మన కళ్లకి కనిపించేది అసలుది కాదంటాడు. మంచం అనే భావం ఒకటుంది, అది బుద్ధికి మాత్రమే అందుతుంది, అదీ అసలుది. వడ్రంగి చేసిన మంచం దానికి నకలు. ఆ మంచాన్ని బొమ్మ గీసేవాడు, పాటలో పెట్టేవాడు నకలుకి నకలు తీస్తున్నారు. కాబట్టి అసలుదాన్ని చూడగలిగిన జ్ఞానే రాజ్యం ఏలాలి. మిగిలినవాళ్లలో కొందరు కాపలా కాయాలి, కొందరు పని చెయ్యాలి. ఒకడి రక్తంలో బంగారం, ఒకడిలో వెండి, ఒకడిలో ఇనుము ఉన్నాయని జనానికి ఒక కథ చెప్పి ఒప్పించాలి. ఇక కవులంటారా, వాళ్లు జనాన్ని ఊరికే ఏడిపిస్తారు, ఆవేశపెడతారు. మర్యాదగానే ఊరు దాటించాలి.

ఆయన దగ్గరే ఏళ్ల తరబడి చదువుకున్న శిష్యుడు లేచి, "ఆ అసలు మంచం ఎక్కడో ఉంటే ఈ మంచం మీద పడుకునేవాడికి ఏం ఒరిగింది?" అని అడ్డం తిరిగాడు. నాకు ఈ శిష్యుడంటే ఇష్టం. గురువంటే ఇంకా ఇష్టం. తప్పు చెప్పినా అంత ధాటిగా చెప్పినవాడు మరొకడు లేడు.

నా పద్ధతి ఏమిటంటే, పేర్లు చివర చెప్పడం. ముందే పేరు చెప్తే పిల్లలు రాసుకుని, గీత గీసి, నోరు మూసుకుంటారు. "ఒకాయన ఇలా అన్నాడు, మీరేమంటారు?" అని వదిలేస్తే కొట్టుకుంటారు. కాపలావాళ్ల పిల్లల్ని అందరూ ఉమ్మడిగా పెంచాలి, ఎవరి బిడ్డ ఎవరో తెలియకూడదు అని ఆ పెద్దాయన అన్నాడని చెప్పిన రోజు క్లాసు గోలగోలైపోయింది. కొండల దగ్గరి పల్లె నుంచి వచ్చే నాసర్ అనే కుర్రాడు లేచి, "ఉస్తాద్, నా పేరు నాసర్ బిన్ సయీద్ బిన్ ఖల్ఫాన్. తండ్రి ఎవరో తెలియకపోతే నా పేరు నాసర్ దగ్గరే ఆగిపోతుంది. సగం పేరుతో నేనెట్లా తిరగను?" అన్నాడు. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని అభ్యంతరం అది. ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను.

కల్యాణి వచ్చింది

అదే ఏడాది మధ్యలో పిల్లలు పెరిగారని ఇంకో లెక్చరర్‌ని తీసుకుని, నాసర్ వాళ్ల క్లాసు ఆమెకి అప్పగించారు. కల్యాణి, కాకినాడ అమ్మాయి. చురుకైనది, మాటకి ముందు నవ్వేది. భర్తనీ, ఐదేళ్ల పాపనీ అక్కడే వదిలి ఒక్కతే వచ్చింది. ప్రొబేషన్ పూర్తయితే ఇద్దరికీ ఫ్యామిలీ వీసా వస్తుంది, లేకపోతే తనే తిరిగి వెళ్లిపోవాలి. స్టాఫ్ రూములో ఏ మాట మొదలెట్టినా చివరికి పాప దగ్గరికి వచ్చి ఆగేది. పాప రాత్రి ఫోన్లో "ఇంకా ఎన్ని నిద్రలు?" అని అడుగుతుందని చెప్తూ నవ్వేది.

ఆమెది మన జూనియర్ కాలేజీల పద్ధతి. నిలబడి నోట్సు చెప్పడం. పాయింట్ వన్, పాయింట్ టూ. నేను ఎన్నిసార్లు చెప్పినా, "పిల్లలకి ఇంగ్లీషు అందట్లేదండీ మాస్టారూ, రాసుకుంటే చదువుకుంటారు కదండీ" అనేది. సరే, నా పేర్లు చివర చెప్పే పద్ధతి మాత్రం ఆమెకి నచ్చింది. అదీ తీసుకుంది.

రెండు పద్ధతులూ కలిస్తే ఏమవుతుందో ఒక బుధవారం ఆఖరి గంటలో తేలింది. "కవులను రాజ్యం నుంచి బహిష్కరించాలి. కారణాలు: ఒకటి, వారు అబద్ధాలు చెప్తారు. రెండు, వారు మనుషుల బుద్ధిని చెడగొడతారు." అని కల్యాణి రాయించింది, ఎవరన్నారో చెప్పలేదు. శిష్యుడి జవాబు రాయించబోతుంటే గంట కొట్టారు. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. పిల్లలు పుస్తకాలు మూసుకుని ఊళ్లకి బస్సెక్కేశారు.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకి నేను చెప్పే మాట ఇదే: జవాబు చెప్పే విమర్శకుడు క్లాసులోకి అడుగుపెట్టడానికి టైం లేకపోతే, ఆ రోజు పాఠం మొదలుపెట్టకండి. హాజరు తీసుకుని కబుర్లు చెప్పండి.

డీన్‌గారి భయం

గురువారం పొద్దున్నే డీన్ ఫోన్ చేసి కాలేజీకి రమ్మన్నాడు. డాక్టర్ ఇద్రీస్ సూడాన్ మనిషి. కోపం వస్తే గొంతు తగ్గించేవాడు. నా బాసుల్లో అందరికంటే మంచివాడు, అందరికంటే పిరికివాడు కూడా ఆయనే.

విషయం ఏమిటంటే, నాసర్ తాత ఖల్ఫాన్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పేరుమోసిన కవి. పెళ్లిళ్లలో, పండగల్లో ఆయన పాట లేకపోతే సందడి లేనట్టే. నాసర్ ఇంటికెళ్లి, ఈ వారం ఏం చదివావురా అంటే నోట్సు చదివి వినిపించాడు. తాత తిన్నగా మా కాలేజీ యజమానికి ఫోన్ చేశాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"'నీ కాలేజీ టీచరమ్మ నన్ను అబద్ధాలకోరునంది, ఊళ్లోంచి వెళ్లగొట్టమంది. పోతాను. పోయేముందు ఆమె మీద ఒక పాట కట్టి పోతాను' అన్నాడు." ఇద్రీస్ గొంతు ఇంకా తగ్గింది. "యా అఖీ, సోదరా, నీకు అర్థం కావట్లేదు. పేపర్లో వస్తే మర్నాడు మరిచిపోతారు. ఇక్కడ పాట వస్తే ప్రతి పెళ్లిలో పాడతారు. మన దగ్గర పిల్లల్ని చేర్పిస్తే నవ్వుతారు. యజమాని ఆమెని పంపించెయ్యమంటున్నాడు. ఎలాగూ ప్రొబేషనే కదా అంటున్నాడు."

"అది ఆమె మాట కాదండీ, గ్రీకువాడి మాట!"

"ఆ గ్రీకువాడి వీసా నా చేతిలో లేదు. ఈమెది ఉంది."

చివరికి శనివారం పొద్దున దాకా గడువిచ్చాడు. ఆ లోపల వెళ్లి ముసలాయన్ని శాంతపరిస్తే సరే, లేకపోతే టికెట్. ఆ మాట కల్యాణికి నేనే చెప్పాల్సి వచ్చింది. "అయ్ బాబోయ్, పరీక్షకి వచ్చే పాయింట్లే కదండీ చెప్పాను!" అంది ముందు. తర్వాత కుర్చీలో కూలబడిపోయింది. "మా ఆయన అక్కడ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారండీ మాస్టారూ. పాపకి ఏం చెప్పనండీ?"

వ్యానులో

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక బయల్దేరాం. కాలేజీ వ్యాను, డ్రైవర్ గంగారాం. అతనిది జగిత్యాల వైపు. ముందు సైట్లో పనిచేసి, లైసెన్సు తెచ్చుకుని డ్రైవరయ్యాడు. కల్యాణి కిటికీలోంచి చూస్తూ పెదవి కదపడం లేదు. ఆ మౌనం భరించలేక, గంగారాం అడిగాడు కదా అని, గుహ కథ చెప్పాను. పుట్టినప్పటి నుంచీ గుహలో కట్టేసి ఉన్న మనుషులు గోడ మీద నీడలే లోకమనుకుంటారు, ఒకడు తప్పించుకుని బయట వెలుగు చూసి, తిరిగి వచ్చి చెప్తే కొట్టడానికి లేస్తారు, అదీ ఆ పెద్దాయన చెప్పిన కథ.

"గది మా ఊరి ముచ్చటే సార్," అన్నాడు గంగారాం. "ఏజెంటు ఫోటోలు జూపిస్తడు. ఏసీ రూము, అద్దాల బిల్డింగు. నేను మొదటిసారి సెలవు మీద పోయినప్పుడు, గట్ల ఉండదురా, ఎండల సైటు పని, ఒక్క రూముల పదిమందిమి అని జెప్పిన. ఒక్కడన్న నమ్మితె ఒట్టు. నువ్వు బాగుపడ్డవ్, మేం బాగుపడొద్దా అని కొట్లాటకొచ్చిండ్రు."

"అయితే ఆ గ్రీకాయన లెక్కలో రాజువి నువ్వే. బయటి వెలుగు చూసి తిరిగెళ్లినవాడివి."

"నేనా? నా బతాకాల డ్రైవర్ అని కొట్టిండ్రు సార్. అండ్ల ఏది ఉంటె గదే మనం." బతాకా అంటే అక్కడి లేబర్ కార్డు. బంగారం, వెండి, ఇనుము సంగతి అతనికి నేను చెప్పనే లేదు. కల్యాణి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

ఖల్ఫాన్ ఇంట్లో

కొండ అంచున ఊరు. ఖర్జూరం తోటల మధ్య నుంచి ఫలజ్ పారుతోంది. కొండ కింది నుంచి ఊళ్లోకి తవ్వుకున్న నీటికాలువని అక్కడ అలా అంటారు. నాసర్ ఎదురొచ్చి, మొహం చూపించలేక తల వంచుకుని లోపలికి తీసుకెళ్లాడు. ముసలాయన లేచి నిలబడి చేయి కలిపాడు. సన్నగా, తెల్లగడ్డంతో, నిటారుగా ఉన్నాడు. మమ్మల్నీ గంగారాంనీ ఒకే పళ్లెం చుట్టూ కూచోబెట్టారు. తలుపు అవతల ఆడవాళ్ల గాజులు వినిపిస్తున్నాయి.

ఖర్జూరాలు, కాఫీ వచ్చాయి. తర్వాత ఖల్ఫాన్ తీరిగ్గా, "ఏం వార్తలు?" అని అడిగాడు. పడుచుతనంలో బొంబాయి పడవల మీద తిరిగినవాడు కాబట్టి హిందీ బాగానే వచ్చు.

"మంచే తప్ప వార్తల్లేవు," అన్నాను.

"మీ వైపు వార్తలు?" అని నేనూ అడిగాను. "మంచే, అల్లా దయ," అన్నాడాయన. మళ్లీ కాఫీ.

కల్యాణి నా మోచేయి గిల్లింది. "వార్తల్లేవంటారేంటండీ మాస్టారూ! నా ప్రాణం పోతుంటేనూ!"

"ఊరుకో అమ్మాయ్. ఇక్కడ ఇల్లు తగలబడుతున్నా ముందు వార్తల్లేవనే అంటారు. కాఫీ అవనీ."

కాఫీ అయింది. ఖల్ఫాన్ కల్యాణి వైపు తిరిగాడు. "నన్ను వెళ్లగొట్టమంది నువ్వేనా అమ్మా?" అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు. "మా పెళ్లిళ్లలో మగవాళ్లు రెండు వరసల్లో నిలబడతారు. ఈ వరస కవి పాట విసిరితే, అవతలి వరస కవి జవాబు చెప్పేదాకా డప్పు ఆగదు, ఒక్కడు కదలడు. నన్ను వెళ్లగొట్టమన్నారు, సరే. నా జవాబు ఎవరూ అడగలేదేం? గంట కొట్టగానే లేచి ఇంటికి పోతే అదేం చదువు?"

నేను క్షమాపణలు చెప్పబోయాను. రాత్రంతా హిందీలో తయారుచేసుకున్నాను కూడా. కల్యాణి నన్ను ఆపింది. "మీరుండండి మాస్టారూ. నా క్లాసు, నేనే పూర్తి చేస్తాను." ఆమెకి హిందీ అంతంత మాత్రం. ఇంగ్లీషులో చెప్పింది, నాసర్ అరబ్బీలోకి మార్చాడు. క్లాసులో నిలబడినట్టే లేచి నిలబడింది.

ఆ మాట తనది కాదని, కనిపించేదంతా వట్టి నీడలని, జ్ఞానే రాజ్యం ఏలాలని అన్న రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకువాడిదని చెప్పింది. మరి ఎవరిదో ఎందుకు చెప్పలేదని ముసలాయన అడిగితే, పేర్లు చివర చెప్పడం నేను నేర్పిన పద్ధతని నేను చెప్పాను. ముసలాయన నావైపు చూసిన చూపు అంత బాగాలేదు. కల్యాణి ఆగలేదు. ఆ గ్రీకువాడి శిష్యుడే ఆయనకి ఎదురుతిరిగాడు, జరిగినదాన్ని చెప్పేవాడికంటే జరగగలిగేదాన్ని చెప్పే కవిది లోతైన పని అన్నాడు, కథ విని ఏడిస్తే మనసు చెడిపోదు, తేలికపడుతుందన్నాడు అని వివరించింది. నాసర్ గొంతు పోను పోను పెద్దదైంది. తలుపు అవతల గాజులు ఆగిపోయాయి.

"ఈ జవాబు ఆ గురువు విన్నాడా?" అన్నాడు ఖల్ఫాన్.

విన్నాడనెయ్యమని కల్యాణికి కళ్లతో సైగ చేశాను. ఆ ఒక్క మాటతో గొడవ తీరిపోతుంది, ఇంటికెళ్లిపోవచ్చు.

"లేదండీ," అంది కల్యాణి. "శిష్యుడు ఇది రాసేనాటికి ఆయన పోయాడు."

"ప్చ్! పాపం." నిజంగానే బాధపడ్డాడు ముసలాయన. "ఇంతకీ కవులంటే అంత కోపం ఎందుకు అతనికి? మేమేం చేశాం?"

కల్యాణి చెప్పాలా వద్దా అని నావైపు చూసింది. ఏం చెప్పబోతోందో అర్థమై నేను వద్దన్నట్టు తల ఊపాను. ఆమె చెప్పేసింది.

"ఆయనకీ ఒక గురువు ఉండేవాడండీ. ఊళ్లో అందర్నీ ప్రశ్నలడిగేవాడు. ఒక కవి ఆయన్ని ఎగతాళి చేస్తూ నాటకం కట్టాడు. ఆయన అననివి అన్నట్టు చూపించాడు. ఊరంతా పగలబడి నవ్వింది. కొన్నేళ్లకి అదే ఊరు ఆయన మీద తీర్పు చెప్పి విషం తాగించింది. ఈయన అప్పటికి కుర్రాడు. ఆ కడుపుమంట చల్లారలేదండీ."

నాసర్ సగం అనువాదం చేసి ఆగాడు. తాత "ఊఁ" అన్నాడు. మిగతా సగం తల వంచుకుని చెప్పాడు. ఇక అయిపోయింది, మనమీద పాట ఖాయం అనుకున్నాను నేను. పాట కడతానన్న ఇంటాయన కాఫీ తాగి ఆయన్నే వేలెత్తి చూపించాం కదా.

ఖల్ఫాన్ కాఫీ గిన్నె కింద పెట్టాడు. "ఆ కవి," అన్నాడు, "నాటకం కట్టేముందు ఆ గురువు ఇంటికెళ్లి, నువ్వు అన్నదేంటి అని అడగలేదా?"

"అడిగినట్టు ఎవరూ చెప్పలేదండీ."

"అయితే వాడు చెడ్డ కవి," అన్నాడు ఖల్ఫాన్. ఆ మాట కల్యాణితో అనలేదు. చేతులు చూసుకుంటూ తనలో తను అనుకున్నాడు.

ఆ తర్వాత మమ్మల్ని బయటికి తీసుకెళ్లాడు. కాలువ పక్కన నేలలో ఒక కర్ర పాతి ఉంది, చుట్టూ రాళ్లు. ఆ కర్ర నీడ ఏ రాయి మీదికి వస్తే ఎవరి తోటకి నీటి వంతో చెప్తుంది. ఖల్ఫాన్ దాని పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, గొంతెత్తి నాలుగు చరణాలు పాడాడు. ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి విన్నారు. నాసర్ అర్థం చెప్పాడు: నీడల్ని తిట్టిన పెద్దమనిషీ, నీ జ్ఞానం గొప్పదే, ఒప్పుకున్నాం. మా ఊళ్లో నీడ అబద్ధమాడితే తోటలు ఎండిపోతాయి. దాన్ని చదివేవాడు తప్పు చదివితే పిల్లాడైనా వచ్చి వేలు పెట్టి చూపిస్తాడు. నీ రాజ్యంలో జ్ఞాని తప్పు చదివితే చెప్పడానికి ఎవరిని ఉంచావు?

పెద్ద యుద్ధాలు చూసిన తర్వాతి కాలం విమర్శకులు లావుపాటి పుస్తకాల్లో ఆ గ్రీకు పెద్దాయన్ని నిలదీసింది ఈ ప్రశ్నతోనే. ఆ విమర్శకులు కొంత అన్యాయం కూడా చేశారనే ఇప్పటికీ నా అభిప్రాయం. ఆయన గాయాన్ని వాళ్లు సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. కల్యాణి తీసుకుంది. "తాతగారూ, మబ్బు పట్టి నీడ పడకపోతేనో?" అని ఆ గ్రీకువాడి తరఫున అడ్డుప్రశ్న కూడా వేసింది! నేను తల పట్టుకున్నాను. ముసలాయన మాత్రం కడుపుబ్బ నవ్వాడు.

లోపలికి వచ్చాక నాసర్ చేత ఇంటి ఫోన్‌లో యజమానికి కలిపించాడు. చాలాసేపు వార్తల్లేవనుకున్నాక అసలు మాట చెప్పాడు. నాసర్ మాకు పక్కనుంచి చెప్పుకొచ్చాడు. "పాట కట్టాను. ఈ అమ్మాయి మీద కాదు, ఒక గ్రీకువాడి మీద. ఆమెని పంపించారంటే మాత్రం ఊరుకోను. అతని తరఫున నాతో వాదించడానికి ఈ చుట్టుపక్కల ఉన్నది ఆమె ఒక్కతే." యజమాని అక్కడికక్కడే సరేనన్నాడు.

తిరుగుప్రయాణంలో కొండలు దాటాక కల్యాణి ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. వెంటనే ఇంటికి చేసింది. అవతల వాళ్లాయన ఏం అడిగాడో మాకు వినపడలేదు. ఆమె మాట ఒక్కటే వినపడింది.

"ఇంకేం లేదండీ. సోమవారం స్కూలుకెళ్లి పాప టీసీ తీసేసుకోండి."

ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. గంగారాం ఎవరూ చెప్పకుండానే బండి పక్కకి ఆపి, నీళ్ల సీసా వెనక్కి అందించాడు.